రాతి పొరలలో పూర్వజీవులు

నెల్లూరు సీమ పడమటి అంచున, వెలిగొండల నీడన, కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములు కలవు. అచ్చటి చేనిగట్లపై ఎండవేళ నడచువారికి నేల తళుకుతళుకుమని మెరయును. ఆ మెరుపు అభ్రకముది. పిల్లలు దానిని కాకిబంగారమందురు. రేకులు రేకులుగా ఊడదీసి పుస్తకముల నడుమ దాచుకొందురు. అట్టి పిల్లవాడొకడు, పూర్వకాలపు మృగముల ఎముకలు దొరకునేమోయని ఆ రాళ్ళను పగులగొట్టెననుకొందము. ఎన్నింటిని పగులగొట్టినను వానికేమియు దొరకదు. లోపము వాని వెదకులాటలో లేదు. ఆ రాళ్ళ పుట్టుకయే అట్టిది. భూమిలో మిక్కిలి లోతున గొప్ప వేడిమికిని ఒత్తిడికిని లోనై, ముద్దవలె నలిగి, మరల గట్టిపడిన రాళ్ళవి. మొదట వానిలో కొన్ని బురదపొరలే యైనను, అందేదైన ఆనవాలున్నను, ఆ కొలిమిలో అది నిలువజాలదు.

జీవుల ఆనవాళ్ళు నిలుచునది వేరొక తెగ రాళ్ళలో. ఆ రాళ్ళు పుట్టు తీరు తెలియవలెనన్న పెన్న ఒడ్డునకు పోయిన చాలును. పెన్న సోమశిల యొద్ద వెలిగొండలను చీల్చుకొని మైదానమునకు దిగును. వరద తీసిన పిమ్మట ఒడ్డున జానెడో మూరెడో ఒండ్రు నిలిచియుండును. అందు ఒక నత్తగుల్ల, ఒక చింతకొమ్మ, ఎప్పుడో చచ్చిన పశువు ఎముక చిక్కుకొనియుండును. పైన పడియున్నదానిని కుక్కలు, కాకులు, చీమలు, ఎండ, వాన కలిసి కొద్దికాలములోనే రూపుమాపును. ఒండ్రు క్రింద కప్పబడినదానికి ఆ బాధ తక్కువ. మరుసటేటి వరద దానిమీద మరియొక పొర పరచును. అట్లు వేలయేండ్లు, లక్షలయేండ్లు గడచినచో అడుగుపొరలు బరువునకు అణగి రాయి యగును. ఊరెడు నీటిలో కరిగియున్న సున్నము మొదలగు ఖనిజములు ఎముక రంధ్రములలో చేరి, క్రమముగా ఎముకయే రాయి యగును. మెత్తని ఆకు కరగిపోయినను దాని ఈనెల అచ్చు మిగులును. ఎముకయే కానక్కరలేదు, తడిమట్టిలో పడిన అడుగుజాడయు నిలువవచ్చును. వీనినన్నిటిని శిలాజములందురు.

చచ్చిన ప్రాణులన్నిటికిని ఈ యోగము పట్టదు. త్వరగా కప్పబడవలెను, కప్పబడినది కదలక యుండవలెను, పిమ్మట ఎన్నో యుగములకు గాలియో వానయో ఆ పొరను కోసి బయటపెట్టవలెను, అప్పుడు దానిని గుర్తెరిగిన కన్ను అటు పడవలెను. ఇన్ని కూడివచ్చినవి మిక్కిలి కొద్ది. కావుననే ఒక్కొక్క శిలాజమునకు అంత విలువ.

శిలాజము రెండు ప్రశ్నలకు జవాబు చెప్పును. ఆ ప్రాణి యేది యనునది మొదటిది. అది బ్రతికిన నాడు ఈ నేల యెట్లుండెను అనునది రెండవది. జనులు మొదటి ప్రశ్ననే అడుగుదురు గాని, రెండవదానియందే ఎక్కువ వింత కలదు. తెలుగునాట నాలుగైదు తావులకు పోయి ఆ రెండవ ప్రశ్నకు రాళ్ళేమి చెప్పుచున్నవో వినవచ్చును.

వెలిగొండలు దాటి పడమటికి పోయినచో కడప సీమ. అచ్చటి రాళ్ళును మిక్కిలి పాతవే కాని కలువాయి రాళ్ళవలె నలిగినవి కావు. కొన్ని ఇసుకరాతి పలకలపై అలల గీతలు నేటికిని చెక్కుచెదరక కనబడును. చెరువు నీరు తీసిన చోట తడియిసుకను చూచినవారికి ఆ గీతలు క్రొత్త కావు. వేంపల్లె ప్రాంతపు సున్నపురాతి బండలలో మరియొక విశేషము కలదు. బండ నిలువున చీలిన చోట, బోర్లించిన గిన్నెలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు వంపుతిరిగిన సన్నని పొరలు కనబడును. వీనిని స్ట్రొమాటొలైటులందురు. ఇవి ఏ జంతువు ఎముకలును కావు. కంటికానని సూక్ష్మజీవులు కోటానుకోట్లు కూడి, బావిమెట్లపై జారుడుపాచివలె నీటి అడుగున పరచుకొనెను. నీటిలోని సన్నపు మట్టి ఆ జిగటకు అంటుకొనెను. మట్టి కప్పినకొలది ఆ పాచి వెలుతురు కొరకు పైకి ప్రాకెను. పొరపై పొర పెరిగి గుట్టయయ్యెను. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే అను అఖాతమందు ఇట్టి గుట్టలు నేటికిని సజీవముగా పెరుగుచున్నవి. అవి పెరుగుటకు సూర్యరశ్మి కావలెను. రశ్మి అందవలెనన్న నీరు లోతు లేనిదై యుండవలెను. కనుక నేడు వాననీటికై ఎదురుచూచు ఆ వేంపల్లె నేల ఒకప్పుడు లోతు తక్కువగల సముద్రపు అడుగు అని తేలుచున్నది.

అది ఎన్నటి మాట? పులివెందుల ప్రాంతమున కరిగిన రాయి పొరల నడుమకు చొరబడి గడ్డకట్టిన తావొకటి కలదు. అట్టి రాతి వయస్సును అందలి ధాతువుల మార్పునుబట్టి లెక్కింపవచ్చును. అది సుమారు 188 కోట్ల సంవత్సరములని తేలినది. అది చొచ్చిన పొరలు వేంపల్లె పొరలకు పైవి. గోడ కట్టిన పిమ్మటనే గదా అందు మేకు దిగగొట్టుదురు! కావున ఆ గోడయు, దాని అడుగునున్న వేంపల్లె రాయియు అంతకంటె పాతవి కాక తప్పదు. ఆ కాలమున నేలపై గడ్డిపోచ లేదు, నీటిలో చేప లేదు. పాచివంటి ఆ జీవులే సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు ప్రాణవాయువును విడిచినవి. నేడు జీవులు పీల్చు గాలికి తొలి పెట్టుబడి వానిదే.

ఎముకలు గల ప్రాణులను చూడవలెనన్న అక్కడనుండి 160 కోట్ల సంవత్సరములకు పైగా ముందుకు వచ్చి, ఉత్తరముగా గోదావరి లోయకు పోవలెను. ఆదిలాబాదు సీమలో మలేరి యను గ్రామము కలదు. దాని పరిసరములందలి ఎర్రని బంకరాతిలో విసనకర్ర మడతలవంటి గట్లు గల చేపపండ్లు దొరకినవి. నాగపురమున నుండిన స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకుడు రాళ్ళపై మక్కువగలవాడు. ఆయన పేరుమీదుగానే భూగర్భశాఖ అధిపతి థామస్ ఓల్డ్‌హాము 1859లో ఆ చేపకు నామకరణము చేసెను. సెరటోడస్ అను ఆ జాతి పూర్తిగా నశించినదనియే అప్పటి పండితులందరి నమ్మకము. పదునొక సంవత్సరములు గడచినవి. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులనుండి అట్టి పండ్లు గల చేప బ్రతికియున్నదే పట్టువడినది! దానికి మొప్పలతోపాటు ఊపిరితిత్తియు కలదు. నీరు తరిగి చెడినప్పుడు అది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. దాని బంధువులు మలేరిలో బ్రతికినవన్నచో, సుమారు 22 కోట్ల సంవత్సరములనాడు అచ్చటి ఏరులు కొంతకాలము పారి కొంతకాలము మడుగులుగా మిగులుచుండెనని ఊహింపవచ్చును. ఎర్రని మట్టియు ఆ మాటనే బలపరచుచున్నది: తడియు ఎండయు ఒకదాని వెంట నొకటి వచ్చు నేలలో ఇనుము త్రుప్పుపట్టి మట్టి ఎరుపెక్కును.

అదే మట్టిలో హైపరొడపిడాన్ అను ముక్కుగల సరీసృపము ఎముకలు దొరకినవి. దాని దాయాదులు స్కాట్లండులోను, టాంజానియాలోను, దక్షిణ అమెరికాలోను బయటపడినవి. పొట్టికాళ్ళతో ఆకులు మేయు ఆ ప్రాణి మహాసముద్రములను ఈదినదన్న నమ్మువారు లేరు. అది నడచియే పోయినది. నడుమ సముద్రము లేదు. నాడు భూఖండములన్నియు ఒక్కటిగా నుండెననుటకు ఇట్టి ఎముకలే సాక్ష్యములు. ఆ దక్షిణపు పెద్ద భూభాగమునకు ప్రపంచమంతటను వాడుకలోనున్న గోండ్వానా యను పేరు గోండుల దేశమునుబట్టి వచ్చినదే.

మలేరి రాళ్ళకంటె తరువాతివి కోట రాళ్ళు. సిరోంచ సమీపమున ప్రాణహిత ఒడ్డున కోట యను గ్రామమున్నది. దాని పేరే ఈ పొరలకు స్థిరపడినది. అచ్చటి సున్నపురాతిలో మెరుగుపొలుసుల చేపలు 1850 ప్రాంతముననే దొరకినవి. పెద్ద జంతువుల సంగతి మాత్రము మరి నూరేండ్లకు గాని వెల్లడి కాలేదు. కలకత్తాలోని భారత గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్, లండనునుండి పమేలా రాబిన్సన్ అను విదుషీమణిని రప్పించి, తన సంస్థలో శిలాజ పరిశోధనకు అంకురార్పణ చేయించెను. లెక్కల సంస్థకు ఎముకలతో పనియేమని నాడు కొందరైన అనుకొనియుందురు. 1958లో ప్రాణహితకు ఆవలివైపున, నేటి మహారాష్ట్రలోని పోచంపల్లి యొద్ద ఎముకలు కనబడినవి. (ఇది చీరలకు పేరుపడిన పోచంపల్లి కాదు.) 1960, 1961లలో త్రవ్వకములు సాగినవి. ఒక్క తొడయెముకయే సుమారు 1.7 మీటర్లు, అనగా మంచి పొడగరియైన మనిషి ఎత్తు! 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి వత్సరము. అందుచే 1975లో ఆ జంతువును లోకమునకు పరిచయము చేసిన పండితులు దానికి బరపాసారస్ టాగొరై అని పేరిడిరి. ‘బరపా’ యనగా వంగభాషలో పెద్దకాలు.

మూడువందల చదరపు మీటర్లైన లేని తావులో సుమారు 300 ఎముకలు దొరకినవి. తొడయెముకలను లెక్కించి, కుడియెడమలు సరిచూచి, అవి కనీసము ఆరు జంతువులవని తేల్చిరి. అయితే అచ్చట ఎముకలు మాత్రమే లేవు. వానితో కలిసి, రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్టుమ్రాకులును పడియుండెను. ఎముకలకు మ్రాకుల పొత్తు ఎట్లు కలిగినది? గోదావరి వరదను ఒక్కసారియైన చూచినవారు ఆలోచింపకయే చెప్పగలరు. మందగా మేయుచున్న జంతువులను, ఒడ్డున నున్న చెట్లను ఒక గొప్ప వెల్లువ ఒక్కటిగా ఈడ్చుకొనివచ్చి, వేగము తగ్గిన చోట వదలినదని పరిశోధకులు భావించిరి. పుర్రె ఒక్కటియు చిక్కలేదు. కొన్ని పండ్లు మాత్రము దొరకినవి. అట్టి జంతువుల తల చిన్నది, తేలికది, మెడకు పట్టు తక్కువ. నీటిలో అదియే ముందుగా ఊడి కొట్టుకొనిపోవును. లేని పుర్రెయు ఈ విధముగా ఒక సంగతి చెప్పినది. ఉన్న పండ్ల అంచులు ఆకులను త్రుంచుటకు తగియున్నవి; కనుక పదునాలుగు మీటర్ల పొడవు గల ఆ జంతువు శాకాహారి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆ ఎముకలను దొరకినవానిని దొరకినట్లు తలా ఒకటి పట్టుకొనిపోయి ఇండ్లలో అలంకారముగా పెట్టుకొనియుండినచో ఏమయ్యెడిది? తొడయెముక తొడయెముకగానే యుండెడిది. జంతువు పెద్దదని తెలిసెడిది. మంద సంగతి, వెల్లువ సంగతి, చెట్ల సంగతి తెలిసెడివి కావు. ఏ యెముక దేని ప్రక్కన, ఏ పొరలో, ఏ దిక్కునకు పడియున్నదో గుర్తించిన పిమ్మటనే దానిని కదలించుట పరిశోధకుల నియమము. తావు తప్పిన శిలాజము పుస్తకమునుండి చింపిన పుటవంటిది. అక్షరములుండును, కథ తెగిపోవును.

అటు పిమ్మట 1970ల చివర, ప్రాణహితకు ఈవలివైపున యామన్‌పల్లి యొద్ద భూగర్భ పరిశోధన శాఖవారికి మరియొక పెద్ద నిక్షేపము దొరకినది. 840 ఎముకలు, కనీసము పండ్రెండు జంతువులవి. వానిలో రెండు పిల్లలు. యాదగిరి అను శాస్త్రవేత్త 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. తొమ్మిది మీటర్ల పొడవు గల దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిపిరి. దీనికిని పుర్రె లేదు. రెండే పండ్లు దొరకినవి. ఇంత పెద్దవానిని చూచినవారి దృష్టి చిన్నవానిమీద నిలువదు గాని, ఆ కోట పొరలలోనే ఎలుకవంటి చిన్న పాలిచ్చు జంతువు పన్నును 1981లో గుర్తించి, భారతదేశమును తన దేశముగా చేసికొన్న హాల్డేను పండితుని పేరుమీదుగా కోటథీరియం హాల్డేనై యనిరి. ఆవగింజతో పోల్పదగిన పన్నది. కొండవంటి జంతువుల కాళ్ళసందున తిరిగిన ఆ చిన్న తెగయే తరువాతి కాలమున లోకమును ఏలినది.

అచ్చటినుండి మరల నెల్లూరు దిక్కుగా రావచ్చును. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1870లలో తూర్పుతీరపు రాళ్ళను పరిశీలించెను; నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే యుండెను. అచ్చటి వేమవరపు పలకరాతిలో ఈతకమ్మను పోలిన ఆకుల అచ్చులు విరివిగా దొరకినవి. ఫైస్ట్‌మాంటెల్ అను పండితుడు 1879లో వానిని వర్ణించెను. ఆకుల అచ్చులు గల పొరలలోనే చుట్టలు తిరిగిన అమ్మోనైటు గుల్లలును ఉన్నవి. ఆకు నేలది, గుల్ల సముద్రపుది. రెండును ఒక్కచోట చేరవలెనన్న అది తీరము కావలెను. ఏరు ఆకులను తెచ్చి ఉప్పునీటిలో పోసిన తావది. పండ్రెండు పదమూడు కోట్ల సంవత్సరములనాడే ఆ ప్రాంతమున సముద్రతీరముండెనన్నమాట.

అమ్మోనైటు అను పేరు వింతగా తోచినను దాని రూపము తెలుగిండ్లకు క్రొత్త కాదు. దేవతార్చనలో ఉంచి భక్తితో కొలుచు సాలగ్రామములలో పెక్కింటియందు కనబడు చక్రము అమ్మోనైటు గుల్ల అచ్చే. అవి నేపాళమున గండకీ నదిలో దొరకును. సముద్రజీవి హిమాలయములకు ఎట్లెక్కినది? అది ఎక్కలేదు. సముద్రపు అడుగే పైకి లేచినది. దక్షిణమునుండి కదలివచ్చిన భారత భూభాగము ఆసియాను ఢీకొని, నడుమనున్న సముద్రపు పొరలను మడచి పర్వతములుగా నిలిపినది. పూజాపీఠముపై నున్న ఆ చిన్నరాయి ఇంత ప్రయాణము చేసినదని తెలిసిన భక్తునకు దానియందలి గౌరవము పెరుగునే కాని తరుగదు.

రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి ప్రాంతములందు లావా పొరల నడుమ చిక్కిన గుల్లలు, సూక్ష్మజీవుల పెంకులు దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములనాటివి. డైనోసారులు రూపుమాసిన కాలమది. ఆ వినాశమునకును దక్కను లావాకును గల సంబంధమును విచారించుటకు దేశదేశముల పండితులు ఆ రాతిగనులకు వచ్చిరి.

కడపటి తావు కర్నూలు సీమలోని బేతంచెర్ల. దాని సమీపమున బిల్లసర్గము అను గుహలు కలవు. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో వానిలో ఎముకలున్నవని వ్రాసెను. నలుబదియేండ్లకు, మునుపు చెప్పిన ఫుట్టే అచ్చటికి వచ్చి, 1883 మొదలు 1885 వరకు తన కుమారుడు హెన్రీతో కలిసి గుహల మట్టిని పొరలుపొరలుగా త్రవ్వించెను. ఆ ఎముకలను లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రకటించెను. ఆనాటి గుర్తింపులలో కొన్నిటిని తరువాతివారు సరిదిద్దిరి. కాని ఖడ్గమృగము మాత్రము నిజము. ఖడ్గమృగమునకు మేయుటకు పచ్చిక కావలెను, పొరలుటకు బురద కావలెను. నేడు బేతంచెర్ల చుట్టును ముండ్లపొదలు, తెల్లని ఎండ, నాపరాతి గనులు. పెక్కు తెలుగిండ్లలో కాలి క్రింద పరచియున్న బేతంచెర్ల బండయు, ఆ గుహలను కడుపున దాచుకొన్న సున్నపురాయియు ఒక్కటియే. గుహను తొలిచినది నీరు. బండను తీయుచున్నది మనిషి. ఒక గుహ గోడ కూలినచో దాని అడుగున చేరిన వేలయేండ్ల మట్టి చెల్లాచెదరగును, దానితో పాటు ఏ ఎముక ఏ పొరది యను లెక్కయు పోవును.

ఆ ప్రాంతపు గుహలలో ముచ్చట్ల చింతమాను గవి యనునది యొకటి. 1970లలో దానిని త్రవ్వినప్పుడు ఎముకలతో చేసిన పనిముట్లును, సన్నని రాతి పలుకులును, మనుష్యులు నిప్పు రాజేసిన పొయ్యి తావును బయటపడినవి. ఆ కాలిన మట్టి వయస్సు సుమారు 17 వేల సంవత్సరములని లెక్కించిరి. భారతదేశమున ఖడ్గమృగము నేడు అడవిలో తిరుగునది అస్సాము మొదలగు ఉత్తరపు తడినేలలలోనే.